ఉత్తరపు చూరు

"ఈ మందిరాన్ని దాని పూర్వ వైభవంలో మళ్ళీ నిలబెట్టుకున్నాం," అని బిషప్పుగారు ప్రసంగం మొదలుపెట్టగానే కెజీయా స్కెల్టన్‌కి నవ్వొచ్చింది. పైకి రానివ్వలేదు, పెదవి మాత్రం ఒక పక్కకి లాగింది. పూర్వ వైభవమట, ఏ పూర్వం, ఎవరు చూసొచ్చారు? ఈ కెల్తర్‌బీ చర్చిలోనే ఆమె బాప్తిస్మం పొందింది, ఇక్కడే పెళ్ళాడింది, తల్లినీ తండ్రినీ ఇక్కణ్ణుంచే సాగనంపింది. ఆమెకి తెలిసిన పూర్వంలో గోడలకి తెల్లటి సున్నం ఉండేది, కింద తరతరాల కాళ్ళకి అరిగి గుంటలుపడ్డ రాళ్ళుండేవి, తలుపులున్న ఎత్తు బల్లలుండేవి, తలుపు మూసుకుని కూర్చుంటే ప్రసంగం ఎంత సాగినా ఎవరి కంటా పడకుండా ఒక కునుకు తీయొచ్చు. ఇప్పుడేముంది? సున్నమంతా గీకి గోడల్ని చర్మం ఒలిచిన కుందేళ్ళలా నిలబెట్టారు. నేల మీద ఎర్రవీ పసుపువీ పలకలు, సరిగ్గా ఊరి దొరగారి పాలగదిలో పరిచినటువంటివే, వెన్న చిలకడానికి తప్ప దేనికీ పనికిరావు. బల్లలకి పూసిన వార్నీషు ఇంకా ఆరలేదు, కీర్తనకి లేచినప్పుడల్లా నల్ల గౌను వెనక చిర్రుమని ఊడొస్తోంది, తన ముందు బల్లలో చిన్ననాటి స్నేహితురాలు డోర్కస్ కూడా అలాగే ఊడొస్తోంది, అయినా వెనక్కి తిరిగి ఎంత బాగుందో కదూ అన్నట్టు కళ్ళెగరేస్తోంది. దానికి ఏది కొత్తగా మెరిస్తే అదే బాగుంటుంది, చిన్నప్పట్నుంచీ అంతే. పైన పటారం, లోన లొటారం.

వీటన్నిటినీ ఓర్చుకునేది, కిటికీ ఒక్కటి వదిలిపెట్టి ఉంటే. ఉత్తరం వైపు కిటికీకి ముందు మామూలు అద్దాలుండేవి, పచ్చగా గాలిబుడగలతో, వాటిలోంచి ఆకాశం కనపడేది, మబ్బు ఎటునుంచి వస్తోందో, ఎండుగడ్డి లోపలికి చేర్చాలో అక్కర్లేదో కూర్చున్నచోటే తెలిసేది. ఇప్పుడా అద్దాల్లో నలుగురు అపొస్తలులు నీలం అంగీలు, ఊదా అంగీలు వేసుకుని, పంటినొప్పి ఉన్నవాళ్ళలా తలలు ఒక పక్కకి వాల్చి నిలబడ్డారు. వాళ్ళ వెనక వాన పడుతోందో ఎండ కాస్తోందో దేవుడికే తెలియాలి. పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు చిత్తడినేలల మీద మబ్బు నల్లగా పట్టి ఉంది. వానే అది. చూరుకి ఆ ఇనప దోనెలు బిగించిన నాటినుంచి ఇంతవరకూ చుక్క పడలేదు, బావులు కూడా అడుగంటాయి, రైతులంతా వానో వానో అంటుంటే ఆమె మాత్రం రోజూ ఆకాశం వంక చూసి ఇవాళ వద్దు, ఇవాళ వద్దు అనుకుంటూ వచ్చింది. పడితే తేలిపోతుంది. కప్పు మీది నీళ్ళన్నీ దోనెలోకి పోయి, గొట్టంలోకి దిగి, గొట్టంలోంచి మురుగు కాలువలోకి పోతాయి, ఇంక నేల మీద ఆ చోట ఒక్క చుక్క పడదు, ఈ వానకే కాదు, ఇంక ఏ వానకీ పడదు. బిషప్పుగారు ప్రసంగంలో సొలొమోను మందిరం దాకా వచ్చారు. ఆయన ఇప్పట్లో దిగేలా లేరు.

ముందు వరసలో దొరగారి పక్కన కూర్చున్న ఆ సన్నటి మెడ, లండన్ నుంచి దిగిన అలార్డైస్ దొరది. కట్టడాల ప్లాన్లు గీస్తాడు. వచ్చిన మొదటిరోజే గొడుగుకర్రతో గోడని పొడిచి, ఈ కిటికీ తప్పండీ అన్నాడు. కిటికీ తప్పవడమేమిటో ఎవరికీ అర్థం కాలేదు. అది చర్చి కట్టిన వందేళ్ళకి ఎవరో పెట్టిందట, అప్పటికి మంచి కాలం అయిపోయి చెడ్డకాలం వచ్చేసిందట, కనక దాన్ని పీకేసి, మంచికాలంలోనే పెట్టి ఉంటే ఎలా పెట్టేవాళ్ళో అలాంటిది తను గీసిస్తానన్నాడు. అంటే నాలుగొందల ఏళ్ళ పాతదాన్ని పడగొట్టి, అయిదొందల ఏళ్ళ పాతదాన్ని నిన్నగాక మొన్న చెక్కించాడన్నమాట. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాట్ట ఎవడో. పైగా పాత కిటికీ ఉన్నచోట కాదు, రెండు బారలు పక్కకి జరిపి, ఎందుకంటే ఎదుటి గోడ కిటికీకి సరిజోడు కుదరాలట. దానికి తానతందానా అన్నవాడు ఈ కొత్త పాదిరీ, ఫెదర్‌స్టోన్ అయ్యగారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. వచ్చి మూడు కోతలకాలాలు కాలేదు, పొడుగు అంగీలు, కొవ్వొత్తులు, తూర్పుకి తిరిగి వంగడాలు. పాతాయన, పోయిన పెద్దాయన, వేటకుక్కలతో గుమ్మందాకా వచ్చేవాడు, ప్రసంగం ఒకటే పదిసార్లు చదివేవాడు, తాగితే తప్ప ఏడ్చేవాడు కాదు, అయినా మనిషి. మనుషుల్ని చూసి పక్కకి తప్పుకోవడం తెలిసినవాడు. చూడకూడనిది చూసినప్పుడు అటు తిరిగి గుర్రం జీను సవరించుకునేవాడు.

ఆ తలకాయల్ని కూడా వదల్లేదు వీళ్ళు. చూరు కింద వరసగా రాతి తలకాయలుండేవి, ఎప్పుడో ఎవరో చెక్కినవి, ఒకడు బుగ్గలు పూరించినవాడు, ఒకావిడ తలకి గుడ్డ కట్టినావిడ, ఒకటి పిల్లి మొహమో నక్క మొహమో చెప్పలేం, ఒకడు రెండు చేతులతో నోరు సాగదీసి నాలుక బయటపెట్టినవాడు. చిన్నప్పుడు కెజీయా వాడికి తిరిగి నాలుక చూపించి తల్లి చేత చెంపదెబ్బ తింది. వానకీ మంచుకీ ముక్కులు అరిగినా వాడి నాలుక మాత్రం అరగలేదు. దేవుడి ఇంటిమీద ఇలాంటి వెకిలి మొహాలేమిటని అయ్యగారికి కష్టం కలిగింది. దించేశారు. వాటి స్థానంలో దేవదూతలొచ్చారు, అందరిదీ ఒకటే మొహం, ఒకటే ఉంగరాల జుట్టు, బిస్కెట్ల డబ్బా మీది పిల్లల్లాగా. పాత తలకాయల్ని ముక్కలు చేసి కొత్త దారిలో గుంటలు పూడ్చారు, ఇవాళ బిషప్పుగారి బండి చక్రాలు వాటిమీదినుంచే వచ్చి ఉంటాయి. ఆ నాలుకవాడి మీదినుంచి.

వాడి కిందే బిడ్డని పెట్టాడు ఆమె మొగుడు జేబెజ్. ముప్పయ్యేళ్ళ పైమాట. బిడ్డ పుట్టి ఒక్కసారి ఏడ్చి ఊరుకున్నాడు, మంత్రసాని కుండ దగ్గరికి పరిగెత్తింది, గుప్పెడు నీళ్ళు నుదుట చల్లి ఏదో ఒక పేరు అనేస్తే చాలు, అంతే చాలు, ఎవరైనా అనొచ్చు, కానీ ఆవిడ తిరిగొచ్చేలోపే అయిపోయింది. బాప్తిస్మం లేని బిడ్డకి ప్రార్థన చదవరు. పేరు రాయరు. అందరి పక్కనా పెట్టనివ్వరు. అలాంటి పిల్లల్ని ఏం చెయ్యాలో కెల్తర్‌బీలో ఆడవాళ్ళకి తెలుసు, వాళ్ళ అమ్మలకి తెలుసు, వాళ్ళ అమ్మమ్మలకీ తెలుసు. ఉత్తరపు గోడ పక్కన, ఎవరూ నడవని వైపున, సరిగ్గా చూరు కింద పాతిపెట్టాలి. దేవుడి ఇంటి కప్పు మీద పారిన నీళ్ళు దేవుడి నీళ్ళే. వాన పడ్డప్పుడల్లా చూరులోంచి ఆ బిడ్డ మీద పడతాయి. అయ్యగారు ఇవ్వనిది ఆకాశం ఇస్తుంది. కెజీయా మంచం మీంచి లేవలేని స్థితిలో ఉంటే, తెల్లారుతుండగా జేబెజ్ బిడ్డని ఆమె శాలువాలో చుట్టి, కొవ్వొత్తుల పెట్టెలో పెట్టి తీసుకెళ్ళాడు. మోకాళ్ళకి మట్టితో తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడి, "నాలుక బయటపెట్టినవాడి కింద పెట్టాను," అన్నాడు. ఆ మాట తర్వాత ఇంతవరకూ, బిడ్డ గురించి ఇంకో మాట అనలేదు. ఒక్క మాటా. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, పెరిగారు, ఒకళ్ళు లింకన్‌లో ఒకళ్ళు హల్‌లో కాపరాలు చేసుకుంటున్నారు, వాళ్ళకి అన్న ఉన్నాడని వాళ్ళకే తెలియదు. కానీ వాన మొదలైతే కెజీయా చేస్తున్న పని ఆపేది. వాళ్ళ ఇల్లు చర్చి వెనకే, కిటికీ తెరిస్తే చూరు నీళ్ళు నేలని కొట్టే చప్పుడు వినిపించేది. ఇవాళ వాడికి స్నానం, అనుకునేది. అనుకుని మళ్ళీ పిండి పిసుక్కునేది. ఇప్పుడు తలకాయలు లేవు, కిటికీ జరిగింది, గోడ పక్కన మట్టంతా తవ్వి చదును చేశారు, ఏది ఎక్కడో తెలియడం లేదు. కొత్త కిటికీ నుంచి రెండో దేవదూత కింద అయి ఉంటుందని లెక్కవేసుకుని అక్కడే నిలబడి వస్తోంది కొన్నాళ్ళుగా. జేబెజ్‌ని అడగొచ్చు. అడగదు. చచ్చినా అడగదు.

అయ్యగార్నే అడిగింది, సిగ్గు విడిచి. దోనెలు బండిలో వచ్చి దిగిన రోజున ఆయన ఇంటికి వెళ్ళి, వంటింటి వైపునుంచి కాకుండా ముందు గుమ్మంలోంచే వెళ్ళి అడిగింది.

"అయ్యగారూ, ఉత్తరం వైపు దోనె లేకపోతే ఏమండీ?"

"గోడ నానిపోతోందమ్మా. అడుగంతా పాచి చూడు, ఎంత పచ్చగా ఉందో. అలార్డైస్ దొరగారు చూసి గుండె బాదుకున్నారు."

"అయిదొందల ఏళ్ళనుంచీ నానుతోందండి. పడిపోలేదుగా."

ఆయన ముందు నవ్వి, తర్వాత ఏదో తట్టినట్టు తల పంకించాడు. "ఓహో, ఆ చూరు నీళ్ళ సంగతా. డోర్కస్ చెప్పింది, మీ పాతకాలపువాళ్ళకి ఏదో పట్టింపు ఉందట కదా. అదంతా అజ్ఞానం కెజీయా. కప్పు నీళ్ళు కప్పు నీళ్ళే. ఆ పసివాళ్ళని దేవుడు చూసుకుంటాడు."

"దేవుడే చూసుకుంటే మరి తమరు బాప్తిస్మాలు దేనికిస్తున్నారండీ?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. టీ తాగి వెళ్ళమన్నాడు. ఇంట్లో ఉందండి అని లేచొచ్చేసింది. ఆ రోజునుంచి ఆయన ఆమెని చూస్తే చాలా దయగా మాట్లాడుతున్నాడు, బుద్ధి సరిగ్గాలేని వాళ్ళతో మాట్లాడినట్టు.

సరే, వాళ్ళు పై వాళ్ళు, వాళ్ళ సంగతి వదిలేద్దాం. ఈయనగారి సంగతి ఏమనాలి, ఈ పక్కన కూర్చున్న మహానుభావుడిని? మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కోటు గుండీ మెడదాకా బిగించుకుని, జేబెజ్ బిషప్పుగారి వంకే చూస్తున్నాడు. పెళ్ళయిననాటినుంచీ ఒక్క ప్రసంగానికి మెలకువగా ఉన్న పాపాన పోనివాడు, ఇవాళ రెప్ప వాల్చకుండా వింటున్నాడు. సొలొమోను మందిరం మీద ఆయనకంత భక్తి ఎప్పుడు పుట్టిందో. అవునులే, కట్టినవాళ్ళలో ఆయనా ఒకడు కదా, ఆ మాత్రం గర్వం ఉండొద్దూ. ఈ చర్చి పాత కప్పు మీద సీసం రేకులు అతికినవాడు, చిల్లులు పూడ్చినవాడు జేబెజే, అతని తండ్రీ అదే పని. జేబెజ్ వేసిన అతుకులోంచి ఆవిరి కూడా బయటికి రాదని సారా కొట్లో పందేలు కాసేవాళ్ళు, పందెం వేసినవాడెవడూ ఓడిపోలేదు. అందుకే దోనెలు బిగించడానికి అలార్డైస్ దొర ఇతన్నే పిలిపించాడు. ఆ రోజు అతను ఇంటికి రాగానే రొట్టె ముందు పెట్టి అడిగింది.

"నువ్వేనా బిగించేది?"

"ఎవరో ఒకళ్ళు బిగించాలిగా."

"ఉత్తరం వైపు కూడానా?"

నమిలింది మింగేదాకా ఆగి, "అటు కూడా," అన్నాడు.

ఇంకా ఏమైనా అంటాడేమోనని చూసింది. కత్తితో జున్ను కోసుకున్నాడు. ఆ జున్ను ముక్క వంక చూస్తూ కెజీయా అనుకుంది, రాయి, ఇది రాయి, ఈ రాయితో ఇన్నేళ్ళు కాపరం చేశాను, ఆ నాలుకవాడికే ఇంతకంటే హృదయం ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఇంక ఇతనికి ఏం చెప్పాలి. ఆ తర్వాత ఉప్పు ఇలా జరుపు, తలుపు వెయ్యి, అంతకు మించి మాట్లాడలేదు. నిచ్చెన మీద ఇతను అతుకులకి పెట్టే ఎర్రసీసం ముద్ద పిసుకుతూ, ఈలవేస్తూ, ఈల కూడానూ, ఒక్కో దోనె బిగిస్తుంటే ఇంటి కిటికీలోంచి చూసి, తెర లాగేసి, లోపలికి వెళ్ళి కూర్చునేది. సొంత కొడుకు నెత్తిమీది నీళ్ళ చుక్కని కూలికి అమ్ముకున్న మనిషి. దొరలు ఎరగక చేశారు, ఇతను ఎరిగి చేశాడు. అలార్డైస్ దొర మెడ చూస్తే నవ్వొస్తుంది, ఈ చేతులు చూస్తే నవ్వు కూడా రావడం లేదు.

మొదట అర్థం కాలేదు. ఎవరో పైన బియ్యం చల్లినట్టు చిన్న చప్పుడు. తర్వాత కొత్త పలకల కప్పు మొత్తం ఒకేసారి మోగింది, బిషప్పుగారు గొంతు పెంచారు, వెనక బల్లల్లో రైతులు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పళ్ళికిలించారు, ఒకడు దేవుడికి స్తోత్రం అని పైకే అన్నాడు. వాన. కెజీయా రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుంది. గోడవారనే కూర్చుంది గనక గోడ అవతల గొట్టం ఉన్నచోటు ఆమెకి తెలుసు. కాసేపటికి మొదలైంది అది, గుటక, ఇంకో గుటక, ఆ తర్వాత ఎడతెగకుండా. మింగుతోంది. వాడి నీళ్ళన్నీ మింగేస్తోంది. అంతే, అయిపోయింది, తేలిపోయింది, ఇంక వాడు ఎప్పటికీ పొడిగా, పేరు లేకుండా, ఎవరికీ కాకుండా. ఏడవను, ఈ పాలగదిలో ఏడవను, డోర్కస్ వెనక్కి తిరిగి చూస్తుంది, అనుకుంది. అనుకుంటూ ఉండగానే ఇంకో చప్పుడు వినిపించింది. నేల మీద నీళ్ళు పడే చప్పుడు. ఒకటి, రెండు, ఆగింది, మళ్ళీ, తర్వాత ధారగా, బురదని కొడుతూ, సరిగ్గా ఆమె ఇంటి కిటికీలోంచి ఇన్నేళ్ళూ విన్నట్టే. చెవులు మోసం చేస్తున్నాయేమో అనుకుంది. కానీ అలార్డైస్ దొర సన్నటి మెడ ఉత్తరం వైపు తిరిగింది. అయ్యగారు కూడా తిరిగాడు. చర్చి మొత్తంలో తిరగనివాడు జేబెజ్ ఒక్కడే, బిషప్పుగారి వంక అలాగే చూస్తున్నాడు.

ఆరాధన ముగిసి దీవెన అవ్వగానే గొడుగులు తెరుచుకుని సగం ఊరు ఉత్తరం వైపుకి వచ్చింది, ఎన్నడూ ఎవరూ రాని వైపుకి. దోనె మధ్యలో ఒక అతుకు దగ్గర నీళ్ళు గుప్పుమని పొంగి, దేవదూత ఉంగరాల జుట్టు మీద పడి, ముక్కు మీదినుంచి జారి, కింద మట్టిలో అప్పుడే ఒక గుంట తవ్వాయి. గోడ మీద తడి మరక నాలుకలా సాగింది. కొత్త కిటికీ నుంచి రెండో దేవదూత కాదు. మూడోది. కెజీయా ఆ గుంట వంక చూసింది, తను ఇన్నాళ్ళూ నిలబడి వస్తున్న చోటు వంక చూసింది, మళ్ళీ గుంట వంక చూసింది.

"ఈ అతుకు వేసిందెవరు?" అన్నాడు అలార్డైస్ దొర.

జేబెజ్ టోపీ తీసి ముందుకొచ్చాడు. "నేనేనండి."

"దీన్ని అతుకంటారా? వేలు దూరేంత సందుంది. బిషప్పుగారు వచ్చిన రోజున నా పరువు తీశావు. ఈ జిల్లాలో నిన్ను మించిన పనివాడు లేడన్నారే?"

"అన్నవాళ్ళు ముసలాళ్ళండి. ఈమధ్య చెయ్యి వణుకుతోంది."

సారా కొట్లో పందేలు కాసేవాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వాడు. అయ్యగారు పాపం, వయసు మీదపడింది అన్నాడు దయగా. డోర్కస్ కెజీయా మోచెయ్యి పట్టుకుంది.

"ఎంతపని జరిగిందే కెజీ. ఎంత పేరున్న మనిషి. రేపు ఊళ్ళో తలెత్తుకు తిరుగుతాడా మీ ఆయన?"

"అది ఆయన తలే, ఆయన చూసుకుంటాడు. నీ గౌనుకి వార్నీషు అంటింది, చూసుకో," అంది కెజీయా.

వానలో టోపీ పట్టుకున్న ఆ చేతుల్నే చూస్తోంది ఆమె. టోపీ అంచున నిలిచిన నీళ్ళు కూడా వణకడం లేదు.

"రేపొచ్చి సరిచెయ్యి," అన్నాడు అలార్డైస్ దొర.

"అలాగేనండి."

దొరగారింట్లో విందుంది, బిషప్పుగారి బండి కదిలింది, గొడుగులన్నీ దాని వెనకే పోయాయి. వీళ్ళిద్దరూ మిగిలారు. కెజీయా గుంట దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఇక్కడేనా?"

"ఇక్కడే. నాలుకవాడి కింద."

"ఆ మాట నోటితో చెప్పడానికేం? ఇన్నేళ్ళు నోరు కుట్టేసుకున్నావు, మొద్దు మొహమా."

"నువ్వెప్పుడూ అడగలేదు," అన్నాడు జేబెజ్. టోపీ తలకి పెట్టుకుంటూ, "అడిగితే చెప్పగలిగేవాణ్ణో లేదో," అన్నాడు.

"రేపు సరిచేస్తావా దీన్ని?"

"చెయ్యమన్నారుగా, చేస్తాను." చూరు వంక చూశాడు. "చేస్తే మాత్రం, వణికే చెయ్యి. మళ్ళీ ఊడుతుంది."

కెజీయా బోనెట్ ముడి విప్పి, తీసి చంకలో పెట్టుకుని, ఇంకో అడుగు ముందుకేసింది. నెరిసిన జుట్టు మీద పడ్డ నీళ్ళు మొహం మీదినుంచి జారి కాళ్ళ దగ్గరి గుంటలో పడుతున్నాయి.

"తడుస్తున్నావు," అన్నాడు జేబెజ్.

"తడవనీ," అంది.